కాలు చుక్కలు

ఉద్యోగంలో ఉండగా నేను రాసిన వాక్యాల్లో జనం బాగా గుర్తుపెట్టుకున్నది ఒకే ఒక్కటి. మెచ్చుకుని కాదు. ఆ వాక్యం విని ఒక పేటలో తల్లులు పిల్లల్ని చంకనేసుకుని తలుపులు వేసుకున్నారు. ఈ మధ్య ఆరోగ్య శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు తాము తయారుచేసిన పోస్టర్లు తెచ్చి నాకు చూపించారు. రంగులు, బొమ్మలు మా కాలం కన్నా ఎంతో బాగున్నాయి. మాటలు చదువుతుంటే మాత్రం నాకు ఆ ఆదివారం గుర్తొచ్చింది. అందుకని ఇది రాస్తున్నాను. ఇందులో నేను చేసిన గొప్ప పని ఏదీ లేదు. గొప్పంతా ఒక నర్సుది, ఒక చేపలమ్మే ఆవిడది.

తొంభైల్లో నేను విశాఖపట్నంలో ఆరోగ్య ప్రచారం చూసేవాణ్ణి. గోడ రాతలు, కరపత్రాలు, ఆటోకి మైకు కట్టి చెప్పించే ప్రకటనలు, నర్సులకు శిక్షణ తరగతులు, ఇవీ నా పనులు. వన్ టౌన్‌లో ఒక పాత మేడ మీద మా ఆఫీసు ఉండేది. నేను గుంటూరు వైపు వాణ్ణి, ఎమ్మే తెలుగు చదివాను. లెక్చరర్ కావాలనుకుని ఇక్కడ తేలాను. ఆ తీరని ముచ్చటంతా శిక్షణ తరగతుల్లో తీర్చుకునేవాణ్ణి. సూది ఎలా పట్టుకోవాలో డాక్టరు గారు చెప్పి వెళ్ళాక, మాటలు ఎక్కణ్ణుంచి పుట్టాయో నేను చెప్పేవాణ్ణి.

"టీకా అంటే మన పండితులకు పద్యానికి రాసే వివరణ. కానీ ఈ టీకా వేరు. ఉత్తరాది వాళ్ళు నుదుటి బొట్టును టీకా అంటారు. మశూచికి టీకా వేస్తే చేతి మీద బొట్టంత మచ్చ పడేది కదా, అలా వచ్చింది ఈ పేరు అంటారు," అని మొదలుపెట్టేవాణ్ణి. వ్యాక్సిన్ అన్న మాటలో లాటిన్ ఆవు ఉందనీ, ఆవులకొచ్చే పొక్కుల రసంతో మశూచిని ఆపడం మొదలైంది కనుక ఆ పేరు నిలిచిందనీ చెప్పేవాణ్ణి. ఇమ్యూనిటీ అంటే మొదట్లో పన్నుల నుంచీ, ఊరి చాకిరీ నుంచీ మినహాయింపు. మన సర్వమాన్యం భూముల్లాగ. ఇనాక్యులేషన్ అంటే ఒక చెట్టు కన్ను తీసి ఇంకో చెట్టుకు అంటు కట్టడం. చెరకు గడకు మనం కూడా కన్ను అనే అంటాం కదా! ఇదే ఊపులో ధనుర్వాతం దగ్గరికొచ్చేవాణ్ణి. "ధనుస్సు అంటే విల్లు. ఈ జబ్బొస్తే ఒళ్ళు విల్లులా వెనక్కి వంగుతుంది. ఎంత చక్కని మాటో చూడండి!"

ఒకరోజు వెనక బెంచీలో కూర్చున్న ఒక సిస్టర్ క్లాసు అయ్యాక నా దగ్గరికి వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి, సన్నగా ఉండేది, చేతిలో ఎప్పుడూ గొడుగు. వన్ టౌన్‌లోనే పుట్టి పెరిగిన క్రైస్తవ కుటుంబం. జాలరిపేట ఆవిడ ఏరియా. అప్పటికి పదిహేనేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది.

"క్లాసు బాగుంది సార్. ఒక్క మాట చెప్పొచ్చా? ఆ ఆవు సంగతి బయట ఎక్కడా అనకండి."

"ఎందుకమ్మా? చరిత్రే కదా."

"మీరిక్కడ చరిత్ర అనే చెప్తారు సార్. నా పేటకి చేరేసరికి అది ఆవు నెత్తురు అయిపోతాది."

నేను నవ్వాను. ఆవిడ కూడా నవ్వింది. తర్వాత గొడుగు రెండో చేతిలోకి మార్చుకుని అంది: "ఇంకోటి. ధనుర్వాతం చక్కని మాట అన్నారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జాలరిపేటలో ఒక పాపకి వచ్చింది సార్. పుట్టి ఏడు రోజులు. వాళ్ళమ్మ కడుపుతో ఉన్నప్పుడు ఇంజెక్షన్ వద్దంది, నేనూ గట్టిగా అడగలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే పాప నా చేతుల్లోనే వంగింది. మీరు చెప్పినట్టే, విల్లులాగ." గొడుగు చంకలో పెట్టుకుంది. "అప్పటి నుంచే పేటలో ఎవరు నెల తప్పినా నాకు తెలిసేలా చూసుకున్నాను. అంతే సార్, వస్తాను."

ఆ తర్వాత ఆ మాటను నేను చక్కని మాట అని ఎప్పుడూ అనలేదు. అంతమాత్రాన నాకు బుద్ధి వచ్చేసిందనుకోకండి.

అవి దేశమంతా పోలియో ఆదివారాలు మొదలైన రోజులు. ఒకే రోజున అయిదేళ్ళ లోపు పిల్లలందరికీ నోట్లో రెండు చుక్కలు వేయాలి. ప్రకటన రాసే పని నాది. రాత్రింబవళ్ళు కూర్చుని కాదు గానీ, ఇష్టంగా రాశాను. ద్వారకా నగర్‌లో ఒక రికార్డింగు దుకాణానికి వెళ్ళి నా గొంతుతోనే క్యాసెట్ చేయించాను: "తల్లులారా, తండ్రులారా! రోగ నిరోధక శక్తిని పెంపొందించే చుక్కల మందును మీ చిన్నారులకు తప్పక వేయించండి. నిరోధకమే నిశ్చింత! నిరోధకమే నిశ్చింత!"

ఉక్కు టౌన్‌షిప్ వైపు ఆటో తిరిగి వచ్చాక అక్కడి వాళ్ళు బాగుందన్నారని డ్రైవరు చెప్పాడు. నా గొంతు రేడియోలో చెప్పినట్టు ఉందని ఎవరో అన్నారట. నేను ఇంట్లో కూడా ఈ మాట రెండుసార్లు చెప్పాను.

ఆదివారం పొద్దున్న జీపులో ఒక్కో కేంద్రం చూసుకుంటూ పదింటికి జాలరిపేట చేరాను. వలలు బాగుచేసుకునే షెడ్డులో బల్ల వేసుకుని సిస్టర్ కూర్చుంది. పోలియో ఆదివారం వస్తే ఆవిడ పాస్టర్ గారికి ముందే చెప్పి ప్రార్థన మానేసేది. బల్ల మీద మందు సీసాలున్న ఐసు పెట్టె, వేలికి గుర్తు పెట్టే సిరా పెన్ను, ఒక రిజిస్టరు. మిగతా చోట్ల ఆ వేళకు పిల్లల ఏడుపులతో గోలగోలగా ఉంది. ఇక్కడ ఎవరూ లేరు. ఆ పేజీ ఖాళీగా ఉంది.

"ఏమైందమ్మా?"

"తెలీటం లేదు సార్. నిన్న మధ్యాహ్నం దాకా బాగానే మాట్లాడేరు. పొద్దున్న నేను ఇళ్ళ మీదకెళ్తే ఒక్కరూ తలుపు తియ్యలేదు. పదిహేనేళ్ళలో నాకు ఇలా ఎప్పుడూ జరగలేదు." ఆవిడ మొహంలో భయం కనిపించింది. అది పై అధికారికి జవాబు చెప్పుకోవాలన్న భయం కాదు. సొంతవాళ్ళు మొహం తిప్పుకుంటే పడే బాధ.

షెడ్డు మూలన ఒకతను తలవంచుకుని వల కుడుతున్నాడు. ఇరవై ఏళ్ళు దాటి ఉంటాయి. ఒక కాలు సన్నగా, మడిచి ఉంది, పక్కన కర్ర. మేము మాట్లాడుకుంటుంటే అతనే ఇసుక వైపు చూసి, "మా యమ్మొత్తంది. దాన్నడగండి," అన్నాడు.

వచ్చిన ఆవిడకు అరవై ఏళ్ళకు కాస్త తక్కువుంటాయి. చేపలన్నీ అమ్ముడైన ఖాళీ గంప నడుముకు ఆనించుకుని వచ్చింది. పేటలో ఆడవాళ్ళందరికీ పెద్ద దిక్కు ఆవిడేనని నాకు తర్వాత తెలిసింది. ఆవిడ వెనక పదిమంది ఆడవాళ్ళు, దూరంగా నిలబడి చూస్తూ నలుగురైదుగురు మగవాళ్ళు. ఆవిడ సిస్టర్ వైపు చూడకుండా నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"బాబూ, నిన్న మైకులో మాటాడినోడివి నువ్వేనా?"

సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఒక్క క్షణం సంబరపడ్డాను. "నేనేనమ్మా."

"అయితే సెప్పు. మా పిల్లలికి నిరోధ్ మందు ఎందుకేత్తన్నారు?"

చిన్నవాళ్ళకు తెలియకపోవచ్చు. ఆ రోజుల్లో ఆసుపత్రుల్లో ఊరికే పంచే కండోమ్ పేరు నిరోధ్. గోడల మీద, బస్సుల వెనక, ఎక్కడ చూసినా ఆ పేరే. సముద్రపు గాలిలో నా ప్రకటనలో ముందు మాటలన్నీ కొట్టుకుపోయి, ఆ ఒక్క ముక్కే పేట చెవిన పడింది. రెండేసి సార్లు కూడా చెప్పాను కదా.

అప్పుడైనా నోరు మూసుకోవలసింది. నాలో ఎమ్మే తెలుగు లేచింది. "నిరోధ్ కాదమ్మా, నిరోధకం. నిరోధకం అంటే అడ్డుకునేది, ఆపేది."

"నానూ అదే గదా అంతన్నాను. ఏటి ఆపుతాది?"

"రోగాన్ని."

"మా పిల్లలికి రోగం నేదు గదా. నేని రోగాన్ని ఎలగ ఆపుతాది? ఆపీదేటో మాకు తెల్దనుకున్నావేటి?" ఆవిడ గంప కింద పెట్టింది. "మాకు ఇద్దరు కావాలి, ముగ్గురు కావాలి. సముద్రానికి ఎల్లినోడు ఎల్లినట్టే వొత్తాడని నువ్వు కాయితం రాసిత్తావా? రేపు మా గుంటలికి పెళ్ళిళ్ళయ్యి పిల్లలు పుట్టకపోతే ఎవలినడగాల? నిన్నా? ఈ సిస్టరమ్మనా?"

వెనకనున్న మగవాళ్ళలో ఒకడు నవ్వాడు. ఇంకొకడు నవ్వలేదు, రెండడుగులు ముందుకొచ్చాడు.  ఆవిడ అడిగిన దాంట్లో తప్పేమీ లేదు.

సిస్టర్ నా వైపు తిరిగింది. "క్యాసెట్టులో ఏం రాశారు సార్?"

నేను మెల్లగా వల్లించాను. చివరి వాక్యం దగ్గర ఆవిడ కళ్ళు మూసుకుంది. "ఒక్కసారి నాకు చూపించి ఉంటే బాగుండేది సార్," అంది. నన్ను ఆవిడ తిట్టిన తిట్టు జీవితంలో అదొక్కటే. తర్వాత గొంతు తగ్గించి, "తప్పు మీదని మీరే చెప్పండి. నేను చెప్తే మిమ్మల్ని వెనకేసుకొచ్చినట్టు ఉంటాది," అంది.

అంతమంది ముందు తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. కానీ ఆ ఖాళీ పేజీ ఎదురుగా ఉంది. "అమ్మా, తప్పు నాది. మీకు తెలియని మాట వాడాను. పిల్లలు పుట్టకుండా చేసే మందు కాదిది. సిస్టర్‌కి నేనేం రాశానో కూడా తెలియదు," అన్నాను.

పెద్దావిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "అంత సదువు సదివినోడివి, తిన్నగా ఓ మాట సెప్పలేవేటి?" అంది. అని, మొదటిసారి సిస్టర్ వైపు తిరిగింది. "నువ్వు సెప్పు సిస్టరమ్మా. ఈ సుక్కలు దేనికి?"

"పోలియోకి, అప్పా." అక్కడ అక్కను అప్ప అంటారు.

"ఎప్పుడూ అదే అంతావు. పోలియో అంతే ఏటి?"

నాకు తెలుసు. గ్రీకు మాట, బూడిద రంగు అని అర్థం, వెన్నులో ఉండే బూడిద రంగు పదార్థానికి జబ్బు చేస్తుంది గనుక ఆ పేరు. క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. నాలుక చివరిదాకా వచ్చింది. ఈసారి మాత్రం మింగేశాను.

 సిస్టర్ ముఖంలో ఏదో మారింది. పెద్దావిడ వైపు, మూలన వల కుడుతున్న అతని వైపు, మళ్ళీ పెద్దావిడ వైపు చూసింది.

"మీ చిన్నోడికి వొచ్చింది అదే కదా, అప్పా. పోలియో అంటే అదే. నీకు తెలీదా?"

 వల కుట్టే చెయ్యి ఆగిపోయింది.

"ఆడికి గాలి గదా సోకింది," అంది పెద్దావిడ. గొంతులో ఇందాకటి గట్టిదనం లేదు. "పురిటి పిల్లోణ్ణి సందేల ఒడ్డుకి తీసికెళ్ళేనని గాలి సోకింది. మా అత్త అదే అన్నాది. సచ్చిపోయేదాకా అన్నాది."

"గాలి కాదప్పా. పురుగు లాంటిది, కంటికి కనపడదు. మురికి నీళ్ళలోంచి వస్తాది. ఒడ్డుకి తీసుకెళ్తే రాదు."

"అయితే... నా వొల్ల కాదా?"

"కాదు. నీ వల్ల కాదు."

ఆవిడ గంప పక్కన ఇసుకలో కూర్చుంది. ఇరవై ఏళ్ళకు పైగా మోసిన నింద అది. కొడుకు కాలు చూసిన ప్రతిసారీ, ఆ సాయంత్రం ఒడ్డుకు వెళ్ళకుండా ఉండవలసింది అనుకుంటూ బతికింది. మేము ఆ పేట గోడలనిండా పోలియో, పోలియో అని రాశాం. ఆ మాటకూ తన ఇంట్లో ఉన్న కాలికీ సంబంధం ఉందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

కాసేపటికి తలెత్తి ఇంకో ప్రశ్న అడిగింది. నాకు ఇప్పటికీ వినిపించే ప్రశ్న అది.

"అప్పుడున్నాయా ఈ సుక్కలు?"

లేవు అనేస్తే సరిపోయేది. నేనైతే అదే అనేవాణ్ణి. ఎవరికి తెలుస్తుంది? అందరికీ మనసు కుదుటపడేది. సిస్టర్ ఆవిడ ఎదురుగా ఇసుకలో కూర్చుంది.

"ఉన్నాయప్పా. పెద్దాసుపత్రిలో ఉన్నాయి. మీ పేట దాకా మేము తేలేదు."

 ఆ పిల్లాడికి కాలు పడిపోయేనాటికి సిస్టర్ ఉద్యోగంలోనే లేదు. అయినా వాళ్ళు అనలేదు, మేము అంది. మొత్తం మా శాఖ తరఫున ఒప్పుకుంది. పేట అంతా తిరగబడ్డా పడేందుకు సిద్ధపడి అంది.

పెద్దావిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. వెనకనున్న ఆడవాళ్ళలో ఒకామె ముక్కు చీదుకుంది. చివరికి మాట్లాడింది మూలనున్న కొడుకే.

"అమ్మా, ఇప్పుడు ఏడిసి ఏటి లాబం? ఐసు కరిగిపోతంది. ఆ గుంటల్ని పిలు బేగి."

ఆవిడ లేచింది. చీర కొంగుతో మొహం తుడుచుకుని, మొదట తన పెద్దకొడుకు ఇంటికే వెళ్ళి మనవణ్ణి ఎత్తుకొచ్చింది. అందరూ చూస్తుండగా సిస్టర్ ముందు నిలబడి, తనే వాడి నోరు తెరిపించింది. రెండు చుక్కలు. వాడు మొహం చిట్లించాడు. చిటికెన వేలి మీద సిరా గుర్తు పడ్డాక ఆ వేలు పైకెత్తి అందరికీ చూపించింది. తర్వాత సందుల్లోకి నడిచింది. తెల్లారితే నాలుగు వీధులకు వినపడేలా చేపలు అరిచి అమ్మే గొంతు అది. మైకు అక్కర్లేదు.

"ఓలమ్మల్లారా! కాలు సుక్కలు! కాలు పడిపోకుండా సుక్కలు! మీ గుంటల్ని అట్రండి బేగి!"

అంతే. తల్లులారా, తండ్రులారా లేదు. పెంపొందించడాలు లేవు. పేటలో తలుపులు తెరుచుకున్నాయి. పావుగంటలో షెడ్డు నిండిపోయింది. నేను రిజిస్టరు రాస్తూ, పిల్లల పేర్లు వాళ్ళు పలికినట్టే రాయడం ఆ రోజే నేర్చుకున్నాను. అందరూ వచ్చారని చెబితే అబద్ధమవుతుంది. ఇద్దరు తల్లులు ఆ రోజు రాలేదు. సిస్టర్ ఆ వారంలో మూడుసార్లు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళింది. ఒకామె ఒప్పుకుంది. రెండో ఆమె తర్వాతి విడత దాకా ఒప్పుకోలేదు.

సాయంత్రం జీపులో తిరిగి వస్తుంటే నేను క్షమాపణ మళ్ళీ మొదలుపెట్టాను. సిస్టర్ వినిపించుకోలేదు. కిటికీలోంచి చూస్తూ అంది: "పదిహేనేళ్ళు సార్. ఆ అబ్బాయి పక్కనుంచి వారానికి రెండుసార్లు నడిచేను. వాళ్ళమ్మకి తెలుసు కదా, మళ్ళీ గుర్తు చేసి ఎందుకు బాధపెట్టడం అనుకున్నాను. ఆవిడకి తెలీదని నాకెప్పుడూ తోచలేదు. మీరు తెలీని మాట చెప్పేరు. నేను అసలు చెప్పనే లేదు. ఏది పెద్ద తప్పంటారు?"

ఆ రోజు పేటను గెలిచి వస్తున్న మనిషి అన్న మాట అది. నాకు తెలిసి అంత గొప్పగా పనిచేసిన వాళ్ళు చాలామంది ఉన్నారు. అలాంటి రోజు సాయంత్రం తన తప్పు వెతుక్కున్న వాళ్ళను మాత్రం ఇంకొకరిని చూడలేదు.

తర్వాతి విడతకు ప్రకటన మళ్ళీ రాశాను. రాసి, ముందు సిస్టర్‌కు, సిస్టర్‌తో పాటు జాలరిపేట ఆడవాళ్ళకు చదివి వినిపించాను. "కాలు పడిపోకుండా చుక్కలు" అన్నది మొదటి వాక్యం. మా అధికారి కాగితం చూసి కళ్ళజోడు తీశాడు.

"ఇదేం భాషయ్యా? కాలు చుక్కలంటే కాలికి వేస్తారనుకోరూ?"

న్యాయమైన అనుమానమే. వెళ్ళి పెద్దావిడనే అడిగాం. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "కాలికేత్తే ఎలగ బాబూ, నోట్లో గదా ఏత్తారు! మీ ఆఫీసరుకి ఆ మాత్రం తెల్దేటి?" ఈ జవాబును ఆయనకు కొంచెం మార్చి చెప్పాను. ఆయన సముద్రపు ఒడ్డు పేటల వరకు ఒప్పుకున్నాడు. మిగతా ఊరికి నా పాత సంస్కృతమే నడిచింది, "నిరోధకమే నిశ్చింత" ఒక్కటీ తీసేశాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు జాలరిపేటలో పోలియో ఆదివారాన్ని కాలు సుక్కల ఆదివారం అనే అన్నారు. వల కుట్టే అబ్బాయి ప్రతి విడతకూ బల్ల దగ్గర కూర్చుని పిల్లల వేళ్ళకు సిరా పెట్టేవాడు. ఏ తల్లయినా సందేహిస్తే అతను ఏమీ చెప్పేవాడు కాదు, కర్ర అందుకుని లేచి నిలబడేవాడు.

సిస్టర్ రిటైరైంది రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు. ఆఖరి రోజు మధ్యాహ్నం ఆఫీసులో చిన్న సభ పెట్టాం. పూలదండ, శాలువా, టీ, బిస్కట్లు. ఆవిడ మాత్రం ఆ రోజు కూడా టీకాల రోజని చెప్పి జాలరిపేట వెళ్ళింది. వేళ దాటిపోతుంటే తీసుకురమ్మని నన్ను పంపారు.

వెళ్ళేసరికి అందరికీ టీకాలు అయిపోయాయి. ఒక్క పిల్ల తల్లి మిగిలింది. పంతొమ్మిదేళ్ళుంటాయేమో, వేరే ఊరి నుంచి పెళ్ళి చేసుకుని వచ్చిన పిల్ల, ఒళ్ళో నెలల బిడ్డ. అప్పట్లో పచ్చకామెర్లకు కొత్త టీకా వచ్చింది. ఆ పిల్ల బిడ్డను గట్టిగా పట్టుకుని, "ఇది దేనికి సిస్టరమ్మా?" అంది.

ఆ పేటలో సిస్టర్ మాటకు ఎదురు లేదు అప్పటికి. వేయించుకో అంటే వేయించుకునేది. పక్కనున్న ఆడవాళ్ళు అదే అంటున్నారు కూడా. నేను జీపు వైపు చూపించి, అందరూ ఎదురుచూస్తున్నారని సైగ చేశాను.

సిస్టర్ సూదిని ట్రేలో పెట్టేసి, ఆ పిల్ల పక్కన మెట్టు మీద కూర్చుని, పేట యాసలోనే అడిగింది.

"నాను సెప్తాను గానీ, ముందు నువ్వు సెప్పు. దీని గురించి నీకు ఎవలేటి సెప్పేరు?"

ఆ పిల్ల మొదట నేల చూసింది. తర్వాత మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. అమ్మమ్మ ఏమందో, ఎదురింటి ఆమె ఏమందో, తన ఊళ్ళో ఒక బిడ్డకు ఏమైందో, అన్నీ చెప్పింది. అక్కడ ఆఫీసులో పూలదండ వాడిపోతోంది. సిస్టర్ ఒక్కసారి కూడా మధ్యలో అడ్డురాలేదు. ఆ పిల్ల చెప్పడం పూర్తయ్యేదాకా వింది.